అదే చోటికి వెళ్లి మళ్లీ చూడండి

పదిహేడో నంబరు టెస్టరు నుంచి నాలుగోసారి అదే ఫిర్యాదు వచ్చింది.

"లెప్పాసల్మి జలసంధి, నడిమధ్య. మంచు మందం ఐదు సెంటీమీటర్లు. మీ యాప్ పచ్చరంగు చూపిస్తోంది. తప్పు."

సైమీకి చిరాకేసింది. మధ్యాహ్నం రెండింటికి యాప్ విడుదల. గడ్డకట్టిన సరస్సు మీద ఎక్కడ నడవచ్చో పచ్చగా, ఎక్కడ అడుగు పెట్టకూడదో ఎర్రగా చూపిస్తుందది. నలభైమంది చేపలవాళ్లు మూడు వారాలుగా మంచుకు బెజ్జాలు పెట్టి, మందం కొలిచి, యాప్‌ని పరీక్షిస్తున్నారు. సరస్సు సన్నబడే ఆ జలసంధిలో అందరి కొలతా ముప్పై. తౌనో పెసోనెన్ అనే ఈ ముసలాయన ఒక్కడే ఐదంటాడు. మూడుసార్లూ ఆమె ఏమీ సరిచేయకుండానే "సరిచేశాం" అనే మీట నొక్కి ఫిర్యాదు మూసేసింది.

"ఇంకెన్ని?" యజమాని యర్మో కాఫీ కప్పుతో వచ్చి నిలబడ్డాడు.

"ఒక్కటే. పదిహేడు."

"మళ్లీ ఆ తాతేనా! తుప్పు ఆయన మంచు తొలిచే బరమాకి కాదు, బుర్రకి పట్టింది. మూసెయ్ తల్లీ. ఒక్కటి తెరిచి ఉన్నా విడుదల ఆగిపోతుంది. రేపట్నుంచి బళ్లకి స్కీ సెలవులు, ఊరంతా సరస్సు మీదే ఉంటుంది."

"ఒక్కసారి మాట్లాడి మూస్తాను."

తౌనో సెల్ పలకలేదు. ఇంటి నంబరుకి చేస్తే ఒక ముసలావిడ ఎత్తింది.

"యాప్ ఆఫీసు నుంచండీ. తౌనో గారున్నారా?"

"ఆలస్యం చేశావమ్మాయ్. పోయిన శనివారమే పూడ్చిపెట్టాం. నేను ఆయన భార్యని, హిల్కాని. ఆరో తేదీన లెప్పాసల్మిలో మంచు విరిగి పడిపోయాడు. మనిషి దొరికాడు గానీ, ఫోను నీళ్ల అడుగునే ఉండిపోయింది."

సైమీ కళ్లు తెర మీది తేదీల వైపు పరుగెత్తాయి. మొదటి ఫిర్యాదు ఐదో తేదీ. తర్వాతవి పన్నెండు, పదహారు. చివరిది ఇవాళ, ఇరవై.

"అక్కడ పల్చగా ఉందని ఆయనకి తెలుసు కదండీ," అంది. "మరి ఎందుకు వెళ్లారు?"

"నేనూ అదే అడిగాను. 'నిన్ననేగా పొట్ట మీద పాక్కుంటూ వెళ్లి కొలిచొచ్చావు, మళ్లీ ఏం పోయేకాలం?' అన్నాను. 'ఆఫీసువాళ్లు రాశారే. సరిచేశారట, వెళ్లి చూడమన్నారు' అన్నాడు. నలభై ఏళ్లు రైల్వేలో చేసిన మనిషి. పైనుంచి మాట వస్తే కాదనడం ఎరగడు."

ఫోను పెట్టేసి సైమీ మొదటి ఫిర్యాదు తెరిచింది. దాని కింద, ఎన్నడూ చదవని చిన్న అక్షరాల్లో, మీట నొక్కగానే యాప్ తనంతట తానే పంపిన జవాబుంది.

"సరిచేశాం. దయచేసి అదే చోటికి వెళ్లి మళ్లీ చూడండి."

పన్నెండున మళ్లీ వెళ్లింది ఆ మాట. పదహారున మళ్లీ. ఆమె పంపిన ప్రతిసారీ ఆయన వెళ్లాడు. కొలిచాడు. జవాబు రాశాడు.

పటం పెద్దది చేసింది. ముప్పై అని రాసినవాళ్లందరి చుక్కలూ ఒడ్డు పక్కనే ఉన్నాయి. అడుగున ప్రవాహం మంచును కోసే నడిమధ్యకి వెళ్లినవాడు ఒక్కడే.

సైమీ జలసంధి మొత్తాన్నీ ఎర్రగా మార్చేసింది.

"ఏయ్, ఏం చేస్తున్నావ్!" యర్మో అరిచాడు. "అవతలి ఒడ్డుకి ఉన్న అడ్డదారి అదొక్కటే! అది లేకపోతే మన యాప్ ఎవడిక్కావాలి?"

"అక్కడ మనిషి చచ్చిపోయాడు యర్మో. మనం వెళ్లమంటే వెళ్లి చచ్చిపోయాడు."

యర్మో వంగి తేదీలు చదివాడు. రెండోసారి చదివాడు. కప్పు బల్ల మీద పెట్టబోతే కాఫీ ఒలికింది.

"ఆరున పోయినవాడు... ఇవాళ ఎలా రాశాడు?"

సైమీ గడియారం చూసింది. రెండు కావడానికి నాలుగు నిమిషాలుంది. ఫిర్యాదు మూయనిదే ఎరుపు జనం ఫోన్లకి చేరదు. మూస్తే ఆ మాట మళ్లీ వెళ్తుంది, ఆయన్ని మళ్లీ పంపినట్టే. మూయకపోతే ఆ నీళ్ల మీద ఆయన కాచుకునే ఉంటాడు.

ఈసారి 'సరిచేశాం' అన్న మాట మాత్రం నిజం.

నొక్కింది.

ఇద్దరూ తెరకేసి చూస్తూ ఉండిపోయారు. ఒక నిమిషం గడిచింది. ఇంకొకటి. పదిహేడు నుంచి జవాబు వచ్చింది.

"చూశాను. ఎర్రగా ఉంది. ఇప్పుడు సరిగ్గా ఉంది."

పటం మీద పదిహేడో చుక్క కదిలింది. నడిమధ్య నుంచి ఒడ్డుకి, ఒడ్డెక్కి సందులోకి, మనిషి నడిచే వేగంతో వెళ్లి ఒక ఇంటి ముందు ఆగింది.

సైమీ ఫోను మోగింది.

"అమ్మాయ్," హిల్కా గొంతు తగ్గించి అంది, "మా ఇంటికి ఎవరినైనా పంపావా?"

"లేదండీ."

"వసారాలో ఎవరో బూట్ల మంచు దులుపుకుంటున్నారు."

ఆవిడ వెనక నుంచి ఆ చప్పుడు సైమీకీ వినబడింది. దబ్. దబ్. దబ్.

"మూడుసార్లు," అంది హిల్కా. "ఆయనెప్పుడూ మూడుసార్లే కొట్టేవాడు. తలుపు తియ్యనా, అమ్మాయ్?"