లోపలి వాపు

మా మామగారు వీరేశంగారికి సూదంటే భయం. అందుకని రోజూ పొద్దున ఆయనకు షుగర్ చూసేటప్పుడు ముందు నా వేలికి గుచ్చుకుని, "చూడుండ్రి మామయ్యా, నొప్పేం లేదు" అని చూపించి, తర్వాత సూది మార్చి ఆయనకు గుచ్చుతాను. నాలుగేళ్లుగా ఇదే తంతు. నా వేలి మీది చుక్కను కొంగుకు తుడిచేసుకోవడమే తప్ప, దాన్నీ ఒకసారి చూద్దామని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు, అదే నాకు ఎక్కువ మంట. మొన్న సోమవారం ఆయన చటుక్కున చెయ్యి వెనక్కి లాక్కున్నారు. మిషన్‌లో స్ట్రిప్ అప్పటికే పెట్టేశాను. దండగ చేయడం ఎందుకని నా చుక్కే అంటించాను. రెండు వందల తొంభై ఒకటి.

"మిషన్ ఖరాబైంది," అన్నాడు నా భర్త కల్యాణ్, పళ్లు తోముకుంటూనే. బ్యాటరీ మార్చాడు. మామయ్యకు నూట నలభై రెండు చూపించింది, నాకు మళ్లీ రెండు వందల తొంభై. అయినా మిషన్‌దే తప్పు. "నలభై ఎనిమిది కిలోలున్నవ్, నీకు షుగరేంది? కూసోని తినేటోళ్లకొచ్చే రోగమది," అని అత్తమ్మ సుగుణమ్మ తేల్చేసింది. నేను కూర్చుని తినగా ఈవిడ ఎప్పుడు చూసిందో మరి. మామయ్య ఒంటిగంటకు జొన్నరొట్టెలు తింటారు. కల్యాణ్ చేవెళ్ల బజారులోని మా కిరాణా దుకాణం నుంచి రెండున్నరకు వచ్చి తింటాడు, అతనితో పాటు అత్తమ్మ. మూడు దాటాక నేను, పొయ్యి పక్కన నిలబడి, పారేయకూడదు కాబట్టి గిన్నెల్లో మిగిలిన అన్నమంతా. అరికాళ్లు మండుతున్నాయంటే "జర నడువు" అన్నారు. చిగుళ్ల నుంచి రక్తం వస్తోందంటే ఉప్పునీళ్లు పుక్కిలించమన్నారు.

చివరికి నేనే పట్టుబట్టి మొయినాబాద్‌లోని డాక్టరమ్మ దగ్గరికి కల్యాణ్‌ను బయల్దేరదీశాను. రక్తపరీక్షలు చేయించి, రిపోర్టులు చూసి ఆమె, "మిషన్ మంచిగనే ఉన్నది. మన దేశపోళ్లకు సన్నగున్నా షుగర్ వస్తది. తెల్లోళ్ల బరువు లెక్కలు మనకు పనికిరావు. ఈమెకు రక్తంల ఇన్‌ఫ్లమేషన్ గూడ ఎక్కువున్నది, అంటే లోపల వాపు," అంది.

కల్యాణ్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "వాపా? ఏడున్నది మేడం?"

"కంటికి కనబడదు. చిగుళ్ల జబ్బుతోని పెరుగుతది. నిద్ర లేకున్నా, ఎప్పుడూ టెన్షన్ల ఉన్నా పెరుగుతది. ఇన్సులిన్‌ను సరిగ పని చెయ్యనియ్యదు. టైంకు తినాలె. ఎన్నిగంటలకు తింటవమ్మా నువ్వు?"

నేను నోరు తెరిచేలోపే కల్యాణ్, "మంచిగనే తింటది మేడం," అన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు బండి మీద చాలా హుషారుగా ఉన్నాడు. ఇంట్లో అడుగుపెడుతూనే, "మన జాతే అంతనట అమ్మా. మన రక్తంలనే ఉన్నదట. ఎవలేం చేస్తరు?" అన్నాడు. సాయంత్రం దుకాణానికి వచ్చినవాళ్లందరికీ అదే చెప్పాడు. డాక్టరమ్మ అరగంట మాట్లాడితే అతని చెవికెక్కింది ఆ ఒక్క ముక్క. దేశంలో ఉన్న కోట్లమంది మీదికి నా రోగాన్ని తోసేసి, కడిగిన చేతులతో భోజనానికి కూర్చున్నాడు. ఎవరి తప్పూ లేదని తేలాక అత్తమ్మ మనసూ కుదుటపడింది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది.

మర్నాడు మధ్యాహ్నం ఒంటిగంటకు జొన్నపిండి ఎప్పటికన్నా రెట్టింపు కలిపాను. మొదటి రెండు రొట్టెలూ పళ్లెంలో వేసుకుని, పప్పు పోసుకుని, వచ్చి మామయ్య కూర్చునే కుర్చీలో కూర్చున్నాను.

అత్తమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. "మామయ్య ఇంకా తినలే, సంతోషీ."

"చూసిన అత్తమ్మా."

"మరి గిదేంది?"

"మామయ్యది గూడ మన రక్తమే గద. ఆయన టైంకు తింటే నూట నలభై రెండున్నది. నేను మీరందరు లేసినంక తింటే రెండొందల తొంభై ఒకటున్నది," అని రొట్టె తుంచాను. "ఇంకో రెండు పెనం పక్కకున్నయ్. మామయ్యకు మీరు వడ్డించుండ్రి."