కుంటకు సేఠ్ ఎవరు?

పొద్దున లేవగానే, చాయ్‌కి నీళ్లు పెట్టకముందే నేను చేసే మొదటి పని, నిన్న సాయంత్రం మా ఆయన వరసలో పెట్టిన రాళ్లను చెదరగొట్టడం. పెరట్లో మా కుంట చుట్టూ ఒక్క సైజు రాళ్లే ఏరి, జానెడు జానెడు దూరంలో, చీర మీద బుటాల్లాగా పేర్చి పెడతాడు ఆయన. నేను ఒక పెద్ద రాయిని సగం నీళ్లలోకి దొర్లిస్తాను, చిన్నవాటిని దాని పక్కన గుంపుగా పడేస్తాను, ఒకచోట అసలేమీ పెట్టకుండా గరికకు వదిలేస్తాను. సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చి మళ్లీ వరస పెడతాడు. దీని గురించి ఇద్దరం పైకి ఒక్క మాట కూడా అనుకోం. ఆ రాళ్లకు కాళ్లుంటే ఈపాటికి ఇల్లు వదిలి పోయేవి.

కుంట అంటే మరీ పెద్దది ఊహించుకోకండి. బతుకుదెరువుకు వచ్చిన ఈ పరాయి రాష్ట్రంలో, కిమ్ అనే ఊరి దగ్గర ఈ రో హౌస్‌కి మారినప్పుడు నీళ్ల ట్యాంకు కోసమని మా ఆయన వెనక జాగాలో గొయ్యి తవ్వించాడు. తర్వాత ట్యాంకు మేడ మీదికి పోయింది, గొయ్యి నాకు మిగిలింది. తొలి వానకే కప్పలు వచ్చి కాపురం పెట్టాయి. వానలు వెనకబడితే నీళ్లు ఇంకిపోతాయని, కాలేజీలో చదివే మా కూతురు హారతి ఫోన్‌లో చూసి ఉపాయం చెప్పింది. గొయ్యిలో మందపాటి ప్లాస్టిక్ షీటు పరచాలట, దాని అంచు ఎక్కడా కనబడకుండా మట్టి కింద కప్పేయాలట. ఒక పక్క వాలుగా చేసి గులకరాళ్లు పోస్తే కప్పలూ పిట్టలూ ఉడతలూ దిగి, మళ్లీ ఎక్కగలుగుతాయట. "మమ్మీ, ఇది మనం చేసినమని కిసీకో పతా నహీ చల్నా చాహియే," అంది. ఎవరికీ తెలియకుండా పని చేయడం నాకు కొత్తా? సరేనన్నాను.

అన్నిటికన్నా కష్టం గట్టును సహజంగా, వంకరగా పెట్టడం. నేను చీరల ఫోల్డింగ్ కార్ఖానాలో చెకింగ్ చేస్తాను. అంచు ఒక్క దారం పక్కకు పోయినా నా చెయ్యి దానంతటదే ఆగిపోతుంది. ఆగని రోజు సూపర్‌వైజర్ అందరి ముందూ "ప్రసన్నాబేన్, కళ్లు ఇంట్లో పెట్టి వచ్చారా?" అని హిందీలో వెటకారం చేస్తాడు. ఇంటికి వస్తే మా అత్తమ్మ సారక్క. పెళ్లైన కొత్తలో నా ముగ్గు చూసి, "పిల్ల చేతికి లైన్ లేదు," అంది. అప్పటినుంచి బొట్టు పక్కకు పోయింది, కొంగు పక్కకు పోయింది, రొట్టె గుండ్రంగా రాలేదు. ఇన్నేళ్లూ నన్ను నేను సరిచేసుకుంటూనే ఉన్నాను. అందుకే మొదటి రోజు కుంట చుట్టూ రాళ్లు పెట్టి, లేచి చూసుకుంటే, అచ్చం మిఠాయి దుకాణంలో పళ్లెం అంచులా ఉంది. నాకే నవ్వొచ్చింది. మర్నాటి నుంచి కార్ఖానాకు పోయే ఆటోలోంచి కాలువ గట్టును చూడటం మొదలుపెట్టాను. ఒకచోట గడ్డి నీళ్లలోకి వంగి ఉంది, ఒకచోట మట్టి జారి ఉంది, ఇంకోచోట కొంగ నిలబడేంత చదును ఉంది. ఎవరూ సర్దలేదు, ఎంత బాగుందో! చెయ్యి సరిగ్గా పెట్టబోయినప్పుడల్లా ఆపుకుంటూ, ఒక్కో రాయీ వంకరగా పెట్టడం నేర్చుకున్నాను. గట్టు కుదిరిన రోజు కలిగిన సంతోషం నాకు గృహప్రవేశం రోజు కూడా కలగలేదు. గృహప్రవేశం నాడంతా నేను వంటింట్లోనే ఉన్నాను.

మా ఆయన రవీంద్ర సాంచాల, అంటే మరమగ్గాల, కార్ఖానాలో మాస్టర్. ఇంట్లో కూడా ఆ కన్ను మాస్టర్ కన్నే. నేను మడిచిన తువ్వాలను విప్పి మళ్లీ మడుస్తాడు గానీ, మంచం మీది తడి తువ్వాలను తీసి ఆరేయడు. గుమ్మం దగ్గర చెప్పుల వరస సరిచేస్తాడు గానీ, ఆ గుమ్మం ఊడవడు.

మొన్న శనివారం అన్నం తింటూ, "రేపు మేస్త్రీ వస్తుండు," అన్నాడు. "బాత్రూంల మిగిలిన తెల్ల టైల్స్ ఉన్నయి గదా, కుంట సుట్టు సిమెంటు గోడ కట్టించి ఏపిస్త. రోజు ఈ రాళ్ల లొల్లి ఉండది."

"కప్పలు ఎట్ల ఎక్కుతయి?"

"కప్పలకు ఎగురుడు రాదా? అంచు వంకరుంటే ఎట్ల ప్రసన్నా, కార్ఖానాల సేఠ్ అయితే మాల్ వాపస్ కొడ్తడు."

సిమెంటు పోశాక ఇక రాళ్లు జరపడానికి ఉండదు. ఈ ఇంట్లో నా ఇష్టప్రకారం నిలబడ్డది ఆ ఒక్క గట్టే. అదీ పోతే ఇక నేను ఏదీ అడగనని నాకు తెలుసు.

తాపీ నది ప్రాంతం కదా, ఇక్కడి తాపీ మేస్త్రీలకు తాపీ ఎక్కువ. ఆగయ్య మేస్త్రీ మాత్రం నా కర్మకొద్దీ ఆదివారం చెప్పిన టైముకే సిమెంటు బస్తాతో దిగాడు.

"ప్రసన్నా, ఆ రాళ్లు తీసేసి జర చాయ్ పెట్టు," అన్నాడు మా ఆయన.

నేను రాళ్లూ తీయలేదు, చాయ్ కూడా పెట్టలేదు. కుచ్చిళ్లు పైకి దోపుకుని, వాలు దగ్గర కూర్చుని కాళ్లు నీళ్లలో పెట్టాను. భయం వేస్తోంది. నవ్వు కూడా వస్తోంది.

"ఏంది గిది? లెవ్వు."

"లెవ్వ. అంచు వంకరుంటే సేఠ్ వాపస్ కొడ్తడంటివి గదా. ఈ కుంటకు సేఠ్ ఎవరు? కప్పనా? పోయి అడుగు. మాల్ నచ్చలేదంటే గోడ కట్టిద్దాం."

ఆగయ్య ఫక్కున నవ్వాడు. మా ఆయన మొహం ఎర్రబడింది. "అమ్మా, జూడు నీ కోడలు!" అని కేకేశాడు.

అత్తమ్మ బయటికి వచ్చింది. ఏం మాట పడుతుందోనని వీపు బిగపట్టుకుని కూర్చున్నాను. ఆమె మెల్లగా వచ్చి, నా పక్కన చతికిలబడి, తన కాళ్లు కూడా నీళ్లలో పెట్టింది.

"మీరు పనికి పోయినంక నేను రోజు ఈడనే కూసుంట. కాళ్ల నొప్పులకు సల్లగుంటది. గోడ కట్టి టైల్స్ ఏస్తే జారిపడ్త. అప్పుడు నన్ను నువ్వు మోస్తవారా?"

నేను నోరెళ్లబెట్టాను. అక్కడ గడ్డి రోజూ అణిగి ఉంటే ఏదో కుక్క పడుకుంటోందనుకున్నాను ఇన్నాళ్లూ. ఆ ముక్క మాత్రం ఆమెకు చెప్పలేదు.

"అన్నా, ఉండమంటవా, పొమ్మంటవా?" అన్నాడు ఆగయ్య. మా ఆయన నా వైపు చూశాడు.

"చాయ్ తాగి పొమ్మను. నువ్వు పెట్టియ్యి," అన్నాను.

మా ఆయన లోపలికి పోయాడు. "చాయ్‌పత్తి యాడుంది?" అని ఒక కేక, "చక్కెర యాడుంది?" అని ఇంకో కేక. నేనూ అత్తమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కూర్చున్నచోటి నుంచి కదల్లేదు. చాయ్ మాత్రం వచ్చింది.

ఆగయ్య వెళ్లిపోయాక మా ఆయన గట్టు దగ్గరే తచ్చాడాడు. వంగి ఒక రాయి తీసుకున్నాడు. అటు పెట్టబోయాడు, ఇటు పెట్టబోయాడు, ఆగాడు.

"ఇది యాడ పెట్టాలె?" అన్నాడు.

పెళ్లైనప్పటి నుంచీ ఆయన "యాడుంది" అని అడగని పూట లేదు. "యాడ పెట్టాలె" అని అడగడం ఇదే మొదటిసారి. పొంగిపోయి, చోటు చూపిద్దామని చెయ్యి చాపబోయాను. అంతలోనే ఆగిపోయాను. చూపిస్తే రేపటి నుంచి అదీ నా పనే అవుతుంది.

"నీకు కన్నుంది గదా, జూసి పెట్టు," అన్నాను, కాళ్లు నీళ్లలోంచి తీయకుండా.