సంచి ఉంచాలా, తీసేయాలా

దుప్పటి మీద మరకని సబ్బు పెట్టి రుద్దుతుంటే వెనక నుంచి భర్త గొంతు వినిపించింది.

"మళ్ళీనా? ఇష్టం లేకపోతే లేదని చెప్పు. ఈ రక్తాలేంటి, నేనేదో కసాయివాణ్ణయినట్టు!"

ఆమె జవాబు చెప్పాలంటే వెనక్కి తిరగాలి, తిరిగితే కళ్ళలో నీళ్ళు కనిపిస్తాయి, కనిపిస్తే ఇంకో మాట పడాలి. చన్నీళ్ళు గుమ్మరించి ఇంకాస్త గట్టిగా రుద్దింది. కొన్ని నెలలుగా అతను దగ్గరికొచ్చిన ప్రతిసారీ ఇదే వరస. "వేడి చేసుంటుంది, నీళ్ళు బాగా తాగు" అని అత్తగారు తేల్చేసింది.

బస్ స్టేషన్లో టికెట్ కౌంటర్ ఆమె ఉద్యోగం. అద్దానికున్న కంతలోంచి లోకమంతా ఆమెనడిగి ఊళ్ళు తిరుగుతుంది, ఆమె మాత్రం కుర్చీలోంచి లేవాలన్నా మేనేజర్ని అడగాలి. మరక అంటిందేమోనని మాటిమాటికీ లేస్తుంటే, "మీ కౌంటర్ బాత్‌రూమ్‌లోనే పెట్టించమంటారా?" అని ఆయన అందరిముందూ నవ్వాడు. ఆ రోజు పక్క కౌంటర్ అక్క ఆమె పాలిపోయిన ముఖం చూసి, సంగతి కూపీ లాగి, "రేపు నాతో హాస్పిటల్‌కి వస్తావా, లేక మీ ఆయన్ని చొక్కా పట్టుకుని లాక్కొచ్చి వాడికి చేయించనా పరీక్షలు?" అంది. అక్క ఒంటరి మనిషి. అన్నంత పనీ చేయగలదు.

హాస్పిటల్లో ముక్క తీసి పరీక్షకి పంపారు. స్కానింగులూ అయ్యాయి. ఫలితం చెప్పే రోజు భర్త, అత్తగారు కూడా వచ్చారు.

"గర్భసంచి ముఖద్వారంలో కాన్సర్. తొలిదశలోనే ఉంది, నయం చేయొచ్చు" అంది డాక్టరమ్మ. "ఇంకా ముందే వచ్చి ఉంటే చిన్న ముక్క తీస్తే సరిపోయేదేమో. ఇప్పుడు రెండు దారులున్నాయి. గడ్డ చిన్నది కాబట్టి ముఖద్వారం, దాని చుట్టూ కొంత భాగం తీసేసి, సంచిని ఉంచి కుట్టేయొచ్చు. అప్పుడు పిల్లలు పుట్టే ఆశ ఉంటుంది. నెలలు నిండకుండా కాన్పయ్యే ప్రమాదం ఉంది, ఆపరేషన్ చేసే బిడ్డని తీయాలి. లేదంటే సంచితో సహా తీసేయడం. అండాశయాలు ఉంచుతాం. దేనికైనా పక్కనున్న లింఫ్ గ్రంథులు తీసి, వాటికి పాకిందేమో చూడాల్సిందే."

"ఏది చేస్తే తొందరగా డ్యూటీకి వెళ్తుంది?" అన్నాడు భర్త.

డాక్టరమ్మ అతని వంక చూడకుండా, "మీకేం కావాలమ్మా?" అని ఆమెనడిగింది.

ఆమె నోరు తెరిచేలోపే అత్తగారు అందుకుంది. "దానికేం తెలుసు డాక్టరమ్మా! సంచి ఉంచండి. మనవడు లేని ఇల్లేం ఇల్లు?"

"ఊరుకో అమ్మా. కడుపుతో నెలల తరబడి మంచంలో పడుకుంటే ఇంటిపని నువ్వు చేస్తావా? మొత్తం తీయిస్తే ఈ గొడవ వదులుతుంది."

ఇల్లు చేరేదాకా తల్లీకొడుకులు ఉంచాలా తీసేయాలా అని వాదించుకుంటూనే ఉన్నారు. ఇద్దరి మధ్యలో కూర్చుని ఆమె రెండు చేతులూ పొత్తికడుపు మీద పెట్టుకుంది. తనకేం కావాలో తనకి తెలుసు. పెళ్ళైన కొత్తల్లో ఒకసారి నెల తప్పింది. "ఇప్పుడెందుకు? మా చెల్లి చదువు పూర్తి కానీ" అని అతను మాత్రలు తెచ్చిచ్చాడు. బాత్‌రూమ్ తలుపు గడియ పెట్టుకుని, నోట్లో చెంగు కుక్కుకుని ఏడ్చింది. మర్నాడు డ్యూటీకి వెళ్ళింది. తర్వాత అత్తగారి మోకాళ్ళ ఆపరేషన్. తర్వాత ఇంటి మీద అంతస్తు. ఎప్పటికప్పుడు "ఇంకో ఏడాది". ఎన్నోసార్లు వెళ్ళిపోదామని చెప్పుల్లో కాళ్ళు పెట్టింది. బిడ్డ పుడితే ఆ ఇంట్లో తనది అనేదొకటి ఉంటుంది కదా అని ప్రతిసారీ కాళ్ళు వెనక్కి తీసుకుంది. ఆ బిడ్డకి ఒక పేరు కూడా అనుకుంది. పైకి ఎప్పుడూ అనలేదు, దిష్టి తగులుతుందేమోనని.

మర్నాడు ఒక్కతే డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి, "సంచి ఉంచండి. ఎవరో అన్నారని కాదు, నాకు కావాలి" అంది.

డాక్టరమ్మ ఆమె చేయి పట్టుకుంది. "చేస్తానమ్మా. కానీ కోసిన భాగాన్ని అక్కడికక్కడే పరీక్షిస్తాం. దాని అంచు దాకా కాన్సర్ ఉందని తేలితే సంచి తీయక తప్పదు. ఒప్పుకుంటారా?"

ఒప్పుకుంది. సంతకం తనే పెట్టింది.

ఆపరేషన్ తర్వాత కళ్ళు తెరిచేసరికి అక్క ముఖం కనిపించింది. ఎప్పుడూ వాగుతూ ఉండే మనిషి నోరు విప్పకుండా తల నిమురుతుంటేనే ఆమెకి అర్థమైపోయింది. డాక్టరమ్మ వచ్చి, "చాలా ప్రయత్నించానమ్మా. అంచుల్లోనూ ఉంది. గ్రంథులు మాత్రం శుభ్రంగా ఉన్నాయి. మీరు బతుకుతారు" అంది. ఆమె తలూపింది. ఆవిడ గుమ్మం దాటాక, కుట్లు లాగుతున్నా ఆపుకోలేక, వార్డంతా తిరిగి చూసేలా ఏడ్చింది. అన్నేళ్ళుగా దాచుకున్న పేరు అప్పుడు నోటివెంట వచ్చేసింది. అక్క ఆ పేరు ఎవరిదని అడగలేదు. తనూ ఏడ్చింది.

సాయంత్రం భర్త వచ్చాడు. కుర్చీ లాక్కుని కూర్చుని, "పోనీలే, ఒక బాధ వదిలింది" అన్నాడు. ఆమె కళ్ళు మూసుకుంది.

ఇంటికి పంపే రోజు పొద్దున్నే వచ్చి సంచీ సర్దబోయాడు. "పద, కారు కింద ఉంది. వంటకి అమ్మ నానా అవస్థా పడుతోంది."

"సర్దకండి. అక్క వస్తోంది. కొన్నాళ్ళు వాళ్ళింట్లో ఉంటాను."

"కొన్నాళ్ళంటే? ఎప్పుడొస్తావు?"

ఆమె మంచం అంచు పట్టుకుని మెల్లగా లేచి నిలబడింది.

"ఇన్నేళ్ళూ ఒక బిడ్డ కోసం మీ ఇంట్లో ఉన్నానండీ. ఆ బిడ్డ ఇక రాదు. నేనూ రాను."