గంజి పెట్టిన కార్డు

అన్నం వార్చిన గంజిని నూకరత్నం రెండు గిన్నెల్లో పోసింది. పెద్ద గిన్నెలోది మొగుడి చొక్కాలకి. చిన్న గిన్నెలోది, నీళ్ళు కలిపి పల్చన చేసింది, క్రికెట్ కార్డులకి.

నవ్వొస్తే నవ్వుకోండి గానీ, మండపేటలో రైసుమిల్లుల రోడ్డు మీద రాజేంద్ర నెట్ సెంటర్ నిలబడింది ఆ చిన్న గిన్నె మీదే. పరీక్షల రిజల్ట్స్ వచ్చినప్పుడు తప్ప అక్కడ ఈగలు తోలుకోవడమే పని. అలాంటి రోజుల్లో కనిపెట్టాడు ఆమె మొగుడు రాజేంద్ర ఈ ఇంటర్నెట్ వేలంపాటని. ఒకప్పుడు బబుల్‌గమ్ పొట్లాల్లో ఆటగాళ్ళ బొమ్మలతో అట్టముక్కలు వచ్చేవి. చిన్నప్పుడు వాటిని జేబుల్లో నలిపి పారేసినవాళ్ళే పెద్దయ్యాక పట్నాల్లో కూర్చుని వాటి కోసం పోటీ పడి పాడుతున్నారు. కార్డు మూలలు, అంచులు, మడతలు చూసి పదికి ఇన్ని అని గ్రేడు వేసి, ప్లాస్టిక్ డబ్బాలో బిగించి ఇచ్చే ఆఫీసులు విదేశాల్లో ఉన్నాయట. అంత దూరం పంపడమెందుకని రాజేంద్ర, శుభలేఖలు అచ్చేసే ప్రెస్సులో తనే చీటీలు కొట్టించాడు. 'ఇంటర్నేషనల్ గ్రేడ్ 10'. తునిలో పాత సామాన్ల వాడి దగ్గర గోతాంలో తెచ్చిన కార్డులన్నిటికీ పదే. ఒక్కదానికి తొమ్మిది వేయడానికి కూడా మనసొప్పలేదు మహానుభావుడికి.

"చొక్కా మడత పోయినప్పుడు అట్టముక్క మడత పోదేంటే? గంజి రాసి ఇస్త్రీ పెట్టు" అన్నాడు మొదట్లో. పెట్టింది. పెట్టాక, మిల్లుల ఊక దుమ్ము పడకుండా తలుపులేసి ఫోటో తీయడం, డబ్బాలో అతికించడం, పొట్లం కట్టి పంపడం, ఇంగ్లీషులో దాని గుణగణాలు రాయడం అన్నీ ఆమె మీదే పడ్డాయి. ఇంటరు చదివింది మరి. అత్త సూరమ్మ మాత్రం వచ్చినవాళ్ళందరితో "మావాడు రేయింబవళ్ళు ఆ కంప్యూటర్‌తో చస్తున్నాడండీ. ఆవిడగారు తీరుబడిగా బొమ్మలు ఇస్త్రీ చేసుకుంటారు" అనేది.

అబద్ధం రాస్తున్నానని నూకరత్నానికి తెలీదా? తెలుసు. 'మడత లేదు, కొత్తదానిలా ఉంది' అని టైపు చేసినప్పుడల్లా తన పెళ్ళిచూపులే గుర్తొచ్చేవి. యానాం దగ్గర తమ ఊరికి మధ్యవర్తి వచ్చి "కుర్రాడు కంప్యూటర్ ఇంజనీరండి, వంక పెట్టడానికి లేదు" అన్నాడు. తీరా చూస్తే డిగ్రీ తప్పి కంప్యూటర్ కొన్నవాడు. ఆ పూట సూరమ్మ ఆమె జడ విప్పించి చూసింది, నడిపించి చూసింది, నవ్వించి పళ్ళు చూసింది. అతన్ని మాత్రం ఎవరూ వెలుతురులో తిప్పి చూడలేదు. ఇంత తెలిసీ ఎందుకు చేసిందంటే, ఆ వేలం ఖాతా ఆమె పేరు మీద ఉంది. రేషన్ కార్డులో ఆమె ఫలానావారి భార్య. వీధిలో రాజేంద్ర పెళ్ళాం. పేరు పేరుగా కనిపించేది ఆ తెర మీదొక్కటే. కార్డు అందినవాళ్ళు దాని కింద 'థాంక్యూ మిసెస్ నూకరత్నం' అని రాసేవాళ్ళు. ఈ ఇంట్లో అలాంటి మాట ఆమె చెవిన పడి ఎరగదు. కూర పొయ్యి మీద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుంటూ వచ్చి, అది చదువుకుని వెళ్ళేది.

శ్రావణంలో ముసురు పట్టింది. పొద్దున్నే తెర చూస్తే ఆమె పేరు కింద ఒక ఫోటో ఉంది. పుణేలో ఒకాయన కొన్న కార్డు. బిగించిన డబ్బా లోపల, బౌలరు మొహం మీద, ఆవగింజలో సగం లేని తెల్లపురుగులు. గంజి తిని, బొమ్మ తిని, పిల్లలు కూడా పెట్టాయి. 'చిన్నప్పుడు మా నాన్న కొనిపెట్టిన కార్డు ఇలాంటిదే. పోగొట్టుకుని ఇన్నేళ్ళు వెతికాను. నూకరత్నం దొంగ' అని రాశాడాయన. దాని కింద మరొకరు, ఇంకొకరు. దొంగ నూకరత్నం. ఆమెకి ఆ పురుగులు తన ఒంటి మీద పాకినట్టయింది.

"గంజి అంత చిక్కగా ఎవరు రాయమన్నారే నిన్ను?" అని లేచాడు రాజేంద్ర.

"మీరే కదండీ రాయమన్నారు."

"రాయమంటే బుద్ధుండక్కర్లా? కొరియర్‌లో తడిసిందని రాసి పడెయ్. ఈ ఖాతా వదిలేసి అమ్మ పేరు మీద కొత్తది తెరుద్దాం. ఇలాగే గొడవై వేలంవాళ్ళు నాది మూయించేసినప్పుడు నీది తెరవలా?"

"మీదెప్పుడు మూయించారండీ?"

అతను నాలిక కరుచుకున్నాడు. ముచ్చటపడి తన పేరు పెట్టాడనుకుంది ఇన్నాళ్ళూ, పిచ్చిది.

"అయితే నా పేరు దొంగ అని అలా ఉండిపోద్దా?"

"ఉంటే ఏంటి? నిన్ను పేరు పెట్టి ఊళ్ళో ఎవడు పిలుస్తాడే? పేరుదేముంది!"

వంటింట్లోంచి సూరమ్మ అందుకుంది. "పురుగులు పట్టిన అట్టముక్క కోసం మొగుడితో వాదులాటేంటమ్మా? అన్నం పొంగిపోతోంది, చూసుకో."

నూకరత్నం వెళ్ళి అన్నం వార్చింది. ఈసారి గిన్నె పెట్టలేదు. గంజి మొత్తం పక్కింటి గేదె కుడితిలో పోసి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చుంది. ముందు పుణే ఆయనకి రాసింది: 'కొరియర్ తప్పేం లేదండి. మడత కనబడకుండా గంజి రాసి ఇస్త్రీ చేసింది నేనే. గ్రేడు చీటీ మేం అచ్చేయించుకున్నది. మీ డబ్బు పంపేస్తాను.' తర్వాత వేలంలో ఉన్న కార్డులన్నీ ఒక్కొక్కటే తెరిచింది. 'నడుమ మడత ఉంది. ఎడమ మూల నలిగింది. గ్రేడు లేదు.' గుణగణాలు రాయడానికి డిక్షనరీ వెతుక్కున్న మనిషికి, ఉన్న లోపం రాస్తుంటే ఇంగ్లీషు దానంతటదే వచ్చింది. ఆఖర్న పాస్‌వర్డ్ మార్చింది.

మధ్యాహ్నం రాజేంద్ర తెర చూసి గుడ్లు తేలేశాడు. "ఏంటే ఇది! ఇలా రాస్తే కుక్క కూడా కొనదు. పాస్‌వర్డ్ చెప్పు ముందు."

"పేరుదేముందండీ? అత్తయ్యగారి పేరు మీద తెరుచుకోండి" అంది నూకరత్నం, కంచం అతని ముందు పెడుతూ. "ఇది నాది."

తెర మీద దొంగ నూకరత్నం అన్న మాట అలాగే ఉంది. దాన్ని చెరపమని ఆమె ఎవర్నీ అడగలేదు. అదే పేరు మీద, ఆ మాట కిందే, ఉన్నది ఉన్నట్టు అమ్ముతుంది.