జరగకముందే అచ్చయిన పండగ

మా ఆయన కృపావరం నంద్యాల దూది మిల్లులో గుమాస్తా. ఆ సంగతి మిల్లు వాళ్ళకు తెలుసు, నాకు తెలుసు, ఆయనకే తెలియదు. ఆయన లెక్కలో ఆయన కర్నూలు వారపత్రికకు నంద్యాల విలేఖరి. కర్నూలు రాజధాని అయిన నాటి నుంచి ఈ జబ్బు మరీ ముదిరింది. మంత్రులంతా అక్కడే ఉన్నారట, పొద్దున లేచి వాళ్ళు మొదట చదివేది నంద్యాల వార్తలేనట. మంత్రులకు అంతకన్నా పని లేకపోతే ఈ రాష్ట్రాన్ని ఆ ప్రభువే కాపాడాలి.

విలేఖరి అంటే ఏదైనా జరిగితే పోయి చూసి రాసేవాడని మీరు అనుకుంటారు. పెళ్ళయిన కొత్తలో నేనూ అలాగే అనుకున్నాను. మా ఆయన పోయేదీ లేదు, చూసేదీ లేదు. బుధవారం జరగబోయే సభ గురించి సోమవారమే "సభికులు హర్షధ్వానములు చేసిరి" అని రాసి, కవరు అంటించి, కర్నూలు బస్సు డ్రైవరు మద్దిలేటి చేతిలో పెట్టేవాడు. ఇదేమి చోద్యమండీ అని అడిగితే, "ఎట్లా జరుగుతాదో తెలిసినాక పోయి చూసేదేముంది?" అనేవాడు. ఒకసారి పెళ్ళికొడుకు అలిగి పీటల మీద నుంచి లేచిపోయాడు. మా ఆయన వార్తలో మాత్రం ఆ దంపతులు పెద్దల దీవెనలు అందుకొని చల్లగా కాపురానికి వెళ్ళారు.

కళ్ళతో చూసి రాసిన వార్త ఆయన జన్మకు ఒక్కటే. అది మా అమ్మ సారమ్మ గురించి.

మూడేళ్ళ కిందట క్రిస్మస్‌కు ఆళ్లగడ్డలోని మా పుట్టింటికి పోయాము. మా అన్న యాకోబు అక్కడ బడిపంతులు. పిలిచిన వాళ్ళు ఆలస్యంగా రావడంతో పొయ్యి మీదున్న పొట్టేలు కూర కొంచెం అడుగంటింది. అంతే. మా ఆయన ఆ కూరనే మళ్ళీ మళ్ళీ వడ్డించుకొని, ఎముకలు చీకి, త్రేన్చి, చెయ్యి కడుక్కొని, నంద్యాలకు వచ్చి ఇలా రాశాడు: "ఆళ్లగడ్డ: శ్రీమతి సారమ్మ గారింట క్రిస్మస్ విందున మాంసము మాడుటచే అతిథులు అర్ధాకలితో వెనుదిరిగిరి. ఈ అజాగ్రత్తను పలువురు గర్హించిరి."

ఆ పలువురు ఎవరో ఈనాటికీ తెలియదు. మా అమ్మ నీళ్ళకు బావి దగ్గరికి పోతే, "ఏం సారమ్మా, ఈ పొద్దన్నా కూర మాడకుండా దించినావా?" అని అడిగేవాళ్ళు మాత్రం ఊరినిండా తయారయ్యారు. వయసంతా నలుగురి పెళ్ళిళ్ళకు వండిపెట్టిన మనిషి ఆమె. తల కొట్టేసినట్టయింది. "నా కుండను పేపరుకెక్కిచ్చినోని గడప తొక్కను" అంది. తొక్కలేదు. రెండు క్రిస్మస్‌లు నేను తల్లి ఉండీ లేనిదాన్నయ్యాను.

ఈ ఏడాది దసరా సెలవులకు మా కూతురు లూదియా ఆళ్లగడ్డకు పోయి వాళ్ళవ్వ కొంగు పట్టుకుంది. "అవ్వా, నువ్వు రాకపోతే నాకు పండగే వద్దు" అని అన్నం మానేసింది. మనవరాలి ముందు ఏ అవ్వ పంతం నిలుస్తుంది? పండగ ముందురోజు, శనివారం మధ్యాహ్నం బస్సుకు వస్తానని అమ్మ కబురు చేసింది. ఆ కబురు విని నేను ఎగిరి గంతెయ్యలేదు గానీ, అంతపని చేశాను. ఇల్లంతా నేనే సున్నం కొట్టాను. డబ్బా నిండా కజ్జికాయలు చేశాను. లూదియా వెదురు పుల్లలకు రంగు కాగితాలు అంటించి నక్షత్రం కట్టింది. మా ఆయనతో చేతులు జోడించి చెప్పాను, "మా అమ్మ వస్తాంది. ఆమె ఉన్నన్నాళ్ళు కలం ముట్టుకోవద్దండి" అని. ఆయన బుద్ధిగా తలూపాడు. అంత బుద్ధిగా ఊపినప్పుడే నాకు అనుమానం రావలసింది.

శుక్రవారం పత్రిక వచ్చింది. ఏదో మంత్రిగారి పర్యటన ఆగిపోయి పేపర్లో చోటు మిగిలిందట. "వచ్చే వారమునకు" అని మా ఆయన ముందే రాసి పంపిన క్రిస్మస్ వార్తను ఎడిటరు ఆ ఖాళీలో కూరేశాడు. కాబట్టి ఆదివారం పండగ ఎలా జరిగిందో నంద్యాల జనమంతా శుక్రవారమే చదువుకున్నారు. వాతావరణం ఆహ్లాదకరంగా ఉండెనట. ఫాదిరిగారి ప్రసంగానికి సంఘమంతా కన్నీరు కార్చెనట. పాపం, ఫాదిరిగారు పరుగున మా ఇంటికి వచ్చి, "ఏ వాక్యం మీద చెప్పినానో అది కూడా రాసింటే తయారయ్యేవాణ్ణి గదప్పా" అన్నాడు. నేను పగలబడి నవ్వాను. నవ్వుతూనే కింది ముక్క చదివాను.

"మా విలేఖరి శ్రీ కృపావరం గారి అత్తగారు, ఆళ్లగడ్డ వాస్తవ్యురాలు సారమ్మ గారు అల్లుని గృహమునకు విచ్చేసి, పూర్వము తన వలన జరిగిన పొరపాటునకు చింతించి మన్నింపు వేడుకొనిరి. ఆ ఉదారుడు మన్నించెను. పిదప ఆమె స్వహస్తములతో అతిథులకు వడ్డించిరి."

ఆ ఉదారుడు మంచం మీద పడుకొని శనక్కాయలు ఒలుచుకుంటున్నాడు. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"ఏందండీ ఇది? మా అమ్మ మీ కాళ్ళావేళ్ళా పడిందా?"

"ఎడిటరు తప్పది. నేను వచ్చే వారానికని రాసినా."

"వచ్చే వారమైతే మాత్రం? జరగనిది ఎట్లా రాస్తారు?"

"పండగపూట సఖ్యత మీద నాలుగు మంచి ముక్కలు రాస్తే తప్పా? ఆళ్లగడ్డలో పేపరు చదివేదెవరులే" అని ఇంకో కాయ ఒలిచాడు.

శనివారం మధ్యాహ్నం లూదియాను తీసుకొని బస్సు దగ్గరికి పోయాను. మా అన్న ఒక్కడే దిగాడు. చేతిలో పేపరు మడతపెట్టి ఉంది.

"అమ్మ మూట కట్టుకోని వాకిట్లో కూచోనుండె. పక్కింటోళ్ళు పేపరు పట్టుకోని నవ్వతాంటే, ఏముందో చదవరా అనింది. చదివినా. మూట ఇప్పేసింది" అన్నాడు.

లూదియా నా చీరలో మొహం దాచుకొని వెక్కివెక్కి ఏడ్చింది. "నువ్వన్నా ఇంటికి రా, అన్నా" అని బతిమాలాను. "వద్దుమ్మా. మీ ఆయన మొగం చూస్తే నేను పంతుల్నన్న సంగతి మర్చిపోతా" అని ఎదురొచ్చిన బస్సెక్కి వెళ్ళిపోయాడు.

ఇంటికి వచ్చి ఆ మాట చెబితే మా ఆయన నెత్తీనోరూ కొట్టుకున్నాడు. ముసలామె మనసు విరిగిందని కాదు, ఆయనకు అంత తీరిక ఎక్కడిది! "రేపు మిల్లు మేనేజరుగారు భోజనానికి వస్తాండాడే! వార్త అబద్ధమైతే నా పరువేం గావాలి?" అని వాపోయాడు.

ఆయన పరువు కాపాడుకున్న తీరు వింటే మీరు ముక్కున వేలేసుకుంటారు. మా వీధి చివర విస్తరాకులు కుట్టి అమ్మే మారెమ్మ అనే ముసలామె ఉంది. ఆదివారం క్రిస్మస్ ఆరాధన ముగిసి నేను గుడి నుంచి వచ్చేసరికి ఆమె నా తెల్లచీర కట్టుకొని మా కుర్చీలో కూర్చొని ఉంది. నోరు విప్పకుండా నమస్కారం పెడితే చాలునని, కడుపునిండా కూర వేస్తానని మా ఆయన ఆమెకు మాటిచ్చాడట.

మేనేజరుగారు వచ్చి వంగి నమస్కరించాడు. "తమరేనా అమ్మా సారమ్మ గారు?"

"ఎవరో ఒకరుప్పా, కూచో. కూర సల్లారిపోతాంది" అంది మారెమ్మ. తర్వాత మా ఆయన వైపు తిరిగి, "ఏమల్లుడా, చూస్తాండావే? నల్లి బొక్క ఉంటే నాకెయ్" అంది.

అల్లుడు మూలగ ఎముక ఏరి వేశాడు. నెత్తిన చెమట కారుతుంటే పళ్ళికిలిస్తూ వేశాడు. మారెమ్మను నేనేమీ అనను, ఆ ఇంట్లో ఆ పూట సిగ్గుపడనక్కర లేనిది ఆమె ఒక్కతే. రాదని తెలిసినా మా అమ్మ కోసమని తీసిపెట్టిన కూరను క్యారియర్‌లో సర్దాను. లూదియా చెయ్యి పట్టుకొని అందరి ముందు నుంచే బయటికి నడిచాను.

"యాడికి?" అన్నాడు మా ఆయన, మేనేజరు వైపు నవ్వు మొహం పెట్టి.

"ఈ అమ్మకు మీరు వడ్డించండి. నేను మా అమ్మ దగ్గరికి పోతాండా" అన్నాను.

ఆళ్లగడ్డలో మా అమ్మ పండగపూట పొయ్యి కూడా రాజెయ్యలేదు. "వచ్చినావా? కాళ్ళు కడుక్కో" అంది, అంతే. క్యారియర్ విప్పి, లూదియాను ఒళ్ళో కూర్చోబెట్టుకొని తినిపించింది. తర్వాత ఒక ముద్ద నా నోటి దగ్గర పెట్టింది. బిడ్డ తల్లినని కూడా మరిచి బావురుమన్నాను. "ఏడుపు మాని నములు" అంది అమ్మ.

సోమవారం మధ్యాహ్నం బస్సుకు మా ఆయన దిగాడు. ఇంట్లో వండిపెట్టేవాళ్ళు లేరన్న సంగతి ఒక్క పూటలో తెలిసొచ్చినట్టుంది. అరుగు మీద ఒదిగి కూర్చున్నాడు. అమ్మ చెంబుతో మంచినీళ్ళు తెచ్చి పెట్టింది.

"అత్తా, తప్పయిపోయింది" అన్నాడు.

నిజం చెబుతున్నాను, నా మనసు కరిగింది. పెళ్ళయినప్పటి నుంచి ఆ మాట ఆయన నోట నేను విని ఎరగను.

అమ్మ కరగలేదు. "నోటి మాట నాకెందుకప్పా? పేపర్లో రాయి. సారమ్మ ఎవురి కాళ్ళూ పట్టుకోలేదని రాయి. అది మా యాకోబు చదివి ఇనిపిస్తే, ఆ పొద్దే బస్సెక్కి మీ ఇంటికొస్తా" అంది.

నాకు ప్రాణం లేచి వచ్చింది. ఒక్క వాక్యం! ఒక్క వాక్యం రాస్తే మా అమ్మ నా ఇంట్లో కూర్చుంటుంది. "రాయండి, కాగితం నేనిస్తా" అన్నాను.

ఆయన మీసం సవరించుకున్నాడు. "ఈ వారానికి రాసేసినా. పొద్దున్నే మద్దిలేటి చేతికి ఇచ్చేసి బస్సెక్కినా."

మా అన్న లోపలి నుంచి వచ్చాడు. "ఏం రాసినావు బావా? చెప్పు, మేమూ వింటాం."

అడగడమే ఆలస్యం, మా ఆయన గొంతు సవరించుకొని వేదిక మీద చదివినట్టు అందుకున్నాడు. "అల్లుడు స్వయముగా ఆళ్లగడ్డకు వెళ్ళగా సారమ్మ గారు ఆనందబాష్పములతో ఎదురేగి, కమ్మని విందు చేసి, కూతురిని, మనుమరాలిని ఆయన వెంట సాగనంపిరి." అప్పజెప్పి, ఎలా ఉందన్నట్టు మా మొహాలు చూశాడు.

అమ్మ నీళ్ళ చెంబు తీసుకొని లోపలికి పోయింది.

ఆయన అరుగు మీద నుంచి లేచాడు. "ఆమె రాదులే. నువ్వు పద, సాయంత్రం బస్సుకు పోదాం. పొద్దున్నుంచి ఏమీ తినలేదు" అన్నాడు.

"పేపర్లో మేమిద్దరం మీ ఎంబడి వచ్చేసినాం గదా. ఆ వచ్చినామెను వండిపెట్టమనండి" అని చెప్పి, అమ్మకు పొయ్యి రాజెయ్యడానికి లోపలికి పోయాను.