కావడికి రెండు కుండలు

బాలప్ప కావడి బద్దను భుజానికెత్తి మళ్లీ దించాడు. ముందు ఉట్టిలోని కుండ గాలిలో ఊగుతోంది. వెనక ఉట్టిలోది నేలను వదలనంటోంది. తాళ్లు విప్పి, ముడి మార్చి, తడి తువాలు మడిచి భుజాన వేసుకుని మళ్లీ ఎత్తాడు. అంతే, మళ్లీ వెనక్కే లాగింది.

"నీ కుండకు రొట్టె పెడ్తలేవా మేస్త్రీ, గట్ల బక్కగయింది?" అన్నాడు మల్లప్ప, సుత్తె పక్కన పెట్టి. గనిలో బండలు కొట్టేవాళ్లంతా నవ్వారు.

బాలప్ప నవ్వలేదు. కావడి ఇంకొకరికి ఇవ్వనూ లేదు. మేస్త్రీ అయ్యాక బరువులు మోయాల్సిన పని లేదతనికి. కానీ ముందు ఉట్టిలో ఉన్నది అతని కుండ. దాన్ని వేరేవాళ్లు ముట్టుకుంటే అతని ప్రాణం ఒప్పదు.

ఆ కుండ సంగతి చెప్పాలి. దేశంలో మొదటిసారి ఓట్లు పడ్డప్పుడు, నిలబడ్డ ఒక్కొక్కరికి ఒక్కొక్క డబ్బా పెట్టారు కదా. తాండూరు బండల గనివాళ్లు అది చూసొచ్చి, మన మేస్త్రీని కూడా ఇట్లనే పెట్టుకుందామన్నారు. బాలప్ప, మల్లప్ప, ఇంకొకడు నిలబడ్డారు. మూడు కుండలు పెట్టి, మూతులకు బట్ట కట్టి, చేయి పట్టేంత సందు విడిచారు. మనిషికొక రాతి పెచ్చు. తక్కిన ఇద్దరి కుండల్లోనూ బాగానే పడ్డాయి, బాలప్ప కుండలో వాళ్లకంటే జర ఎక్కువ పడ్డాయి. తల్లి కొంగు పట్టుకుని బొంరాస్‌పేట నుంచి కూలికొచ్చినవాడు. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి ఎవ్వరూ పిలిచి ఏదీ ఇవ్వనివాడు. ఆ పెచ్చులను పారబోయడానికి చేతులాడలేదు. కుండను ఇంటికి తీసుకుపోయి, పెళ్లాం పోయాక బోసిపోయిన పొయ్యి పక్కన పెట్టుకున్నాడు. పొద్దున లేవగానే అందులో చేయిపెట్టి ఒకసారి తడిమి గానీ పనికి పోయేవాడు కాడు.

వెనక ఉట్టిలోది రహీమాబీ కుండ. గనిలో అందరికీ నీళ్లు పోసే ముసలామె. బండ తీసి వదిలేసిన పాత గుంతలో ఊట పడితే, ఆ నీళ్లే అందరూ తాగుతున్నారు. గని యజమాని రాధాకిషన్ సేటు వికారాబాదులో ఉంటాడు. గుంత తోడేసి అడుగునున్న నీలిబండ తీయమని కబురు పెట్టాడు. బాలప్ప ఎవ్వర్నీ అడక్కుండానే సరేనన్నాడు. "నన్ను పెట్టుకున్నరు గదా, నా మాటే వాళ్ల మాట" అన్నాడు. గుంత పోతే ఎండాకాలం ఆడవాళ్లు కాగ్నా వాగు దాకా బిందెలు మోయాలి.

రహీమాబీ అరవలేదు, కొట్లాడలేదు. రెండు కుండలు తెచ్చి పెట్టింది. గుంత ఉండాలనేవాళ్లు ఇందులో వేయండి, వద్దనేవాళ్లు అందులో వేయండి అంది. వద్దన్న కుండలో ఈగ కూడా వాలలేదు. ఉండాలన్న కుండ నిండి, మూతికి కట్టిన బట్ట పైకి లేచింది. బాలప్ప ఒక్కడే వేయలేదు. "నాది నా దగ్గర్నే ఉంటది" అన్నాడు.

మనిషికి మనిషి మీద ఈర్ష్య పుట్టడం ఎక్కడైనా ఉన్నదే. బాలప్పకు గుంతెడు నీళ్ల మీద పుట్టింది. తనకు వేయని చేతులన్నీ, తనకు వేసిన చేతులతో కలిసి, ఇందులో వేశాయి. ఆ కుండ కనబడ్డప్పుడల్లా మొహం పక్కకు తిప్పుకునేవాడు.

సంగతి విన్న సేటు కూడా తక్కువవాడు కాడు. "నీదీ, ఆమెదీ, రెండు కుండలూ తీస్కరా, ఎవరెనక మంది ఉన్నరో నేనే చూస్త" అన్నాడు. అందుకే ఈ కావడి.

"నీకేందక్కా," అన్నాడు బాలప్ప బయల్దేరబోతూ రహీమాబీతో. "నీకెదురు ఎవడు నిలబడ్డడు? నీళ్లు వద్దనేటోడు ఉంటడా? నేను ఇద్దర్ని దాటి గెలిచిన."

"నేను గెల్వలేదు భయ్యా. అడిగిన, గంతే."

"రేపు గుంతల ఎవరన్న పడితే జవాబెవరు చెప్పాలె? నీ కుండ చెప్తదా?"

"చెప్పదు. అందుకే నువ్వు మేస్త్రీవి," అంది రహీమాబీ. "మేస్త్రీగ ఉండుమని నీకు ఏసిన్రు. నీళ్లు తోడెయ్యమని ఏసిన్రా? గది అప్పుడు అడగలే. ఇప్పుడు అడిగితే ఇప్పుడు చెప్పిన్రు." కొంగుతో రెండు కుండల మీది దుమ్మూ తుడిచింది. "దగ్గొస్తె జర కూసో. ఆగమాగం పోకు."

గనివాళ్ల తరఫున మల్లప్ప తోడొచ్చాడు. రైలు టికెట్లు తీస్తానని స్టేషన్‌కు ముందు నడిచాడు. బాలప్ప పట్టాల పక్కన ఒంటరిగా నడుస్తున్నాడు. అడుగడుగుకూ వెనక కుండ గుంజుతోంది. దగ్గు తెర వచ్చి కావడి దించాడు.

కావడి మోసేవాళ్లకు ఒక అలవాటు. ఒకవైపు తేలితే ఆ వైపు ఒక రాయి వేస్తారు, లేకపోతే కావడి నడవదు. బాలప్ప చేయి తనంతట తనే పట్టాల కింది కంకర మీదికి పోయింది. బట్ట సందులోంచి ఒక నల్లరాయి తన కుండలో వేశాడు. ఇంకొకటి వేశాడు. ఎత్తి చూస్తే తక్కెడలా నిలిచింది. అక్కడితో ఆగొచ్చు. మళ్లీ దించి ఇంకో రెండు వేశాడు. ముందు కుండ కాస్త ఒంగింది. అప్పుడు గానీ అతని ఊపిరి కుదుటపడలేదు.

"ఏంది మేస్త్రీ, నీ కుండకు దారిల బువ్వ దొరికిందా?" అన్నాడు మల్లప్ప స్టేషన్లో.

"భుజం మార్చిన," అన్నాడు బాలప్ప, అటు తిరిగి.

వికారాబాదులో సేటు అరుగు మీదే కూర్చుని ఉన్నాడు. బట్టలు విప్పనైనా విప్పలేదు. ఒక కుండ ఎత్తాడు, దించాడు. రెండోది ఎత్తాడు.

"నీదే బరువుంది బాలప్పా! ఇంకేం ఫికర్? నీ మాటే మాట. రేపే తోడించు."

ఎన్నాళ్లనుంచో వినాలని కోరుకున్న మాట అది.  కానీ సేటు మెచ్చుకున్నది రైలు పట్టాల కంకర బరువును. దాని కింద, ఒక్కొక్క చేయీ వచ్చి ఒక్కొక్కటిగా వేసిన తన పెచ్చులు కప్పబడిపోయి ఉన్నాయి. తక్కువైతేనేం, అవి తనవి. వాటి మీద ఆ నల్లరాళ్లు కూర్చోవడం అతనికి భరించరానిదైంది.

గొంతుక్కూర్చుని బట్ట విప్పాడు. నల్లరాళ్లు తీసి మెట్టు మీద పెట్టాడు.

"గివి కావడి నడవాలని ఏసినయి సేట్. లెక్కల పట్టకుండ్రి."

మల్లప్ప నవ్వబోయి, అతని ముఖం చూసి కావడి తాళ్లు సర్దసాగాడు.

సేటు కళ్లు చిన్నవయ్యాయి. "మాట ఇచ్చి తప్పే మేస్త్రీ నాకెందుకు?"

"నేను మీరు పెట్టిన మేస్త్రీని కాదు సేట్. వాళ్లు పెట్టిన్రు. దిగుమంటె వాళ్లే అనాలె."

సేటు నిండు కుండ వైపు చూశాడు. తన బండలు కొట్టేవీ, ఆ కుండ నింపినవీ ఆ చేతులే. "సరే, గుంత జోలికి పోకు," అని లోపలికి లేచిపోయాడు.

మెట్టు మీది రాళ్ల పక్కనే కూర్చుని బాలప్ప కుండల మూతులు తనే కట్టాడు, వీపు అటు తిప్పి, నిదానంగా. కట్టి లేవబోతుంటే దగ్గు వచ్చింది. తువాలు ఎర్రబడింది.

"అనంతగిరి టీబీ దవాఖాన ఈడ్నే గదనే. నువ్వు గుట్టెక్కు, నేను కావడి తీస్కపోత," అన్నాడు మల్లప్ప. 'మేస్త్రీ' అనలేదు, ఎగతాళీ చేయలేదు. బాలప్ప మొదటిసారి కావడిని ఇంకొకరి భుజాన పెట్టాడు. "నా కుండ పదిలం," అన్నాడు. కట్టెలకు గుట్టపైకి పోతున్న ఖాళీ బండి ఒకటి ఆపి ఎక్కాడు.

మల్లప్ప తాండూరు చేరి సంగతంతా చెప్పాడు. గుంత దక్కిందని ఆడవాళ్లు బిందెలు మోగించారు. రహీమాబీ తన కుండను నీళ్లకు వాడుకుందామని గట్టు మీద బోర్లించింది. నీలం పెచ్చులు గలగలా జారాయి. అన్నిటికంటే పైన ఉన్నది ముందు జారి పడింది, నల్లగా.

"గిది పట్టాల రాయి గదా, నీ కుండలకెట్లొచ్చె?" అన్నాడు మల్లప్ప.

రహీమాబీ దాన్ని తీసి, అరచేతిలో పెట్టుకుని, కొంగుతో తుడిచింది. "ఎయ్యనోడు ఒక్కడే మిగిలిండె," అంది.

వానలు మొదలయ్యాక గుట్ట మీది నుంచి కబురొచ్చింది. బాలప్ప పోయాడని. ఆ పూట గనిలో సుత్తెల చప్పుడు లేదు. గుంత నిండుగా ఉంది. గట్టున, రహీమాబీ బిందె దించే చోట, వెలిసిపోయిన పెచ్చుల నడుమ ఆ నల్లరాయి ఒక్కటి తడిసి మెరుస్తోంది.