వీధి పెద్దకి రెండో కనుబొమ్మ

మాక్ గినుక్‌కి అరవై ఆరేళ్ళు. రెండు కళ్ళకీ పొర కమ్మేసింది. ఆపరేషన్ ఉచితమే, కానీ ఆరోగ్య కార్డుండాలన్నారు. ఆ కార్డుకి గుర్తింపు సంఖ్య కావాలి. అన్న కొట్టే దెబ్బలకి తాళలేక పదిహేనేళ్ళప్పుడు ఇల్లొదిలి ఈ సురబాయా నగరానికి వచ్చిపడ్డ మనిషికి సంఖ్య ఎక్కణ్ణుంచొస్తుంది? ప్రభుత్వం లెక్కలో ఆవిడ ఇంకా పుట్టనే లేదు.

మేం వారియాలం. పుట్టినప్పుడు మగపిల్లాడనిపించుకుని, ఆడవాళ్ళుగా బతుకుతున్నవాళ్ళం. కాగితాల్లేని ముసలివాళ్ళు మా సంఘంలో తొమ్మిది మంది. నా సెలూన్‌కి మాటిమాటికీ తాళం వేసి రెండేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగితే, ఇలాంటివాళ్ళ కోసం ఒకే ఒక్క శుక్రవారం ఇచ్చారు. సాయంత్రం నాలుగు దాకా. వీధి పెద్ద సంతకం పెట్టిన ఉత్తరం తేవాలి, అంతే. ఎనిమిది మందికి వాళ్ళ వీధుల పెద్దలు రాసిచ్చారు. మా వీధి పెద్ద సుగిమన్ మాత్రం పన్నెండు రోజులుగా "రేపు" అంటున్నాడు.

ఆ శుక్రవారం రెండింటికి ఆయనే నా సెలూన్‌కొచ్చాడు. ఉత్తరం ఇవ్వడానికి కాదు, మేకప్ వేయించుకోడానికి! ఆగస్టు నెల కదా. స్వాతంత్ర్య దినం పేరు చెప్పి మగాళ్ళు నైటీలు తొడుక్కుని ఫుట్‌బాల్ ఆడతారు. అందగత్తెకి బహుమతి కూడా. పోయినేడు పక్క వీధి పెద్ద కొట్టేశాడని ఈయనకి కడుపుమంట. పెళ్ళాం గులాబీపూల నైటీలో రెండు బెలూన్లు కుక్కుకుని కుర్చీలో కూలబడ్డాడు.

"అమ్మా వెన్నీ, మీ అందరికన్నా నేనే అందంగా ఉండాలి."

"ముందు ఆ ఎడమదాన్ని పైకి లాక్కో పెద్దాయనా, నడుం దాకా జారింది."

మా జీవితాల మీద సినిమా తీస్తానని రాజధాని నుంచి లారస్ అనే పిల్ల వచ్చింది. నాలుగు రోజులుగా మాక్‌ని కిటికీ దగ్గర కూర్చోబెట్టి "కాస్త బాధగా బయటికి చూడండి" అంటోంది. "కిటికీ ఏ పక్కనుందో చెప్పవే తల్లీ" అంటోంది మాక్. నేను ఫారాలు నింపుతుంటే మాత్రం కెమెరా కట్టేస్తుంది. అందులో సినిమా లేదట. వీధిలో బాజా మోగగానే అటు పరిగెత్తింది. పీడా పోయింది.

సుగిమన్‌కి ఎడమ కనుబొమ్మ గీస్తూ ఉత్తరం సంగతి అడిగాను.

"ఇస్తానమ్మా, ఇవ్వనన్నానా? కాకపోతే అక్కడ ఫోటో తీస్తారు. మాక్ ఆ జాకెట్టు, ఆ లిప్‌స్టిక్కుతో వెళితే నవ్వరూ? మన వీధి పరువేం కావాలి? జుట్టు కత్తిరించి మగ చొక్కా తొడుగు. అప్పుడు సంతకం పెడతా."

మూలనున్న బల్ల మీంచి మాక్ అందుకుంది. "ఒరే సుగిమన్, మీ అమ్మని పెళ్ళికూతుర్ని చేసింది నేనే. అప్పటికే చొక్కా వదిలేసి ఏళ్ళయింది. ఇప్పుడు నీకోసం తొడగాల్రా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు బెలూన్లు పెట్టుకుని కూర్చుని పరువు గురించి చెబుతున్నాడు! పెన్సిల్ పెట్టెలో పడేసి మూత వేశాను.

"అదేంటి? రెండోది?"

"రాదు."

"మూడింటికి ఆటమ్మా!"

"ఆడుకో. ఒక కనుబొమ్మతో ఆడకూడదని ఎవరన్నారు?"

గుమ్మంలోంచి ఎవడో కేకేశాడు. "సుగిమన్ అక్కోయ్! పక్క వీధి అప్సరస దిగింది, తొందరగా రా!"

సుగిమన్ అద్దంలో చూసుకున్నాడు. "బెదిరిస్తున్నావా?"

"పన్నెండు రోజులు బతిమాలాను. నీకు వినపళ్ళేదు."

పెట్టె లాక్కుని తనే గీసుకోబోయాడు. గీత నుదుటి మీదకి గొంగళిపురుగులా పాకింది. పెన్సిల్ విసిరేసి "తే ఆ కాగితం!" అని అరిచాడు. పన్నెండు రోజుల క్రితమే టైపు చేయించి ఉంచాను, తీసిచ్చాను. సంతకం పెట్టాడు. ముద్ర ఇంట్లో ఉందన్నాడు. ఆయన పెళ్ళాం తెచ్చి ఠపీమని కొట్టింది. "నా కొత్త నైటీ లాక్కోడానికి నిమిషం పట్టలేదు గానీ ఈ ముద్రకి పన్నెండు రోజులా!"

గొంగళిపురుగు తుడిచి రెండో కనుబొమ్మ శ్రద్ధగానే గీశాను. నా పనికీ పరువుంది.

బండి మీద ఆఫీసుకి చేరేసరికి నాలుగుకి ఇరవై నిమిషాలు తక్కువ. మాక్ జాకెట్టుతోనే వచ్చింది, లిప్‌స్టిక్కుతోనే.

"ఇటు కెమెరాలోకి చూడండి పెద్దమ్మా" అన్నాడు గుమాస్తా. మాక్ ఫ్యాను వైపు తిరిగింది. "ఇక్కడమ్మా!" తలుపు వైపు తిరిగింది. "కాస్త చూడండమ్మా!"

"చూడగలిగితే నీ దగ్గరికెందుకొస్తాన్రా నాయనా?"

నేను వెళ్ళి కెమెరా కింద గొంతుక్కూర్చున్నాను. "మాక్, నా గొంతుకేసి తిరుగు. కదలకు. నవ్వావంటే చంపేస్తా."

తిరిగింది. తీశాడు. నాలుగుకి ఐదు నిమిషాలుండగా చీటీ చేతికొచ్చింది. పదహారు అంకెలు. చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. మెట్లు దిగుతూ మూడోసారి. నేను తొమ్మిదో అంకె తప్పు చెబితే భుజమ్మీద ఒక్కటిచ్చింది.

ఆరోగ్య కార్డు కోసం ఆసుపత్రికి ఫోన్ కలిపాను. నన్ను నోరెత్తనివ్వలేదు. ఫోన్ లాక్కుని చెవికానించుకుని, "నా సంఖ్య రాసుకోండి" అంది.